‘కిల్ -9’ కొట్టే ముందు: లినక్స్‌లో బిగుసుకుపోయిన ప్రోగ్రామ్‌ని ఆపడం ఎలా

క్లిక్ చేస్తే ఉలుకు లేదు, కీ నొక్కితే పలుకు లేదు. కాసేపటికి విండో మసకబారుతుంది. ‘ఈ ప్రోగ్రామ్ స్పందించడం లేదు’ అంటూ ఒక పెట్టె తెరుచుకుంటుంది. వేచి చూడాలా, బలవంతంగా మూసేయాలా అని అందులో రెండు బటన్లు. సేవ్ చేయని పని గుర్తొచ్చి టెన్షన్ మొదలయ్యేది అక్కడే. ఇలాంటప్పుడు వాడుకోవడానికి లినక్స్‌లో చాలా దారులున్నాయి. వాటిలో ప్రోగ్రామ్‌ని ఉన్నపళంగా ముగించే ‘కిల్ -9’ కమాండ్‌కి పేరు ఎక్కువ, అవసరం లేని చోట వాడేదీ దాన్నే ఎక్కువ. ఏ దారి పనికొస్తుందన్నది ప్రోగ్రామ్ ఎక్కడ ఇరుక్కుందన్న దాన్ని బట్టి ఉంటుంది: తన సొంత కోడ్‌లోనా, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలా, లేక మెమొరీ నిండిపోయిన కంప్యూటర్‌లో మిగతా అన్నిటితో పాటా?

‘స్పందించడం లేదు’ అని చెప్పేదెవరు?

ఆ పెట్టెను చూపించేది ఇరుక్కున్న ప్రోగ్రామ్ కాదు, విండోల బాగోగులు చూసే విండో మేనేజర్. విండో మీద క్లిక్ పడినప్పుడో, మూసే గుర్తు నొక్కినప్పుడో అది ప్రోగ్రామ్‌ని ‘ఉన్నావా?’ అని పలకరిస్తుంది. తెరమీద విండోలను చూపించే వ్యవస్థలు రెండు, పాత ఎక్స్11, కొత్త వేలాండ్. రెండిటిలోనూ ఈ పలకరింపు పేరు పింగే. ప్రోగ్రామ్ చేస్తున్న పని మధ్యలో ఒక్క క్షణం ఆగి బదులు చెప్పాలి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో దీనికి మామూలుగా ఇచ్చే గడువు 5000 మిల్లీసెకన్లు, అంటే 5 సెకన్లు. ఆలోగా జవాబు రాకపోతే పెట్టె ప్రత్యక్షమవుతుంది.

అంటే విండో మేనేజర్‌కి తెలిసింది ఒక్కటే, 5 సెకన్లుగా బదులు రాలేదని. ప్రోగ్రామ్ చచ్చిందో, పెద్ద ఫైలు నములుతోందో దానికి తెలియదు. లక్షల వరుసలున్న స్ప్రెడ్‌షీట్ తెరిచినప్పుడు ప్రోగ్రామ్‌లో బదులివ్వాల్సిన భాగమే (థ్రెడ్) లెక్కల్లో మునిగి ఉంటే ఈ పెట్టె రావడం మామూలే. రెండు నిమిషాలు ఆగితే విండో మళ్లీ వెలుగులోకి వస్తుంది.

దీన్ని పరీక్షించి చూడొచ్చు. ఒక టెక్స్ట్ ఎడిటర్ తెరిచి, టెర్మినల్ నుంచి దానికి ‘కిల్ -స్టాప్’ పంపితే అది ఉన్నచోటే గడ్డకట్టుకుపోతుంది. దాని మీద క్లిక్ చేస్తే కొన్ని సెకన్లలో పెట్టె వస్తుంది. ఆ తర్వాత ‘కిల్ -కాంట్’ పంపితే ఎడిటర్ లేచి బదులిస్తుంది, పెట్టె దానంతట అదే మాయమవుతుంది. ఒక్క అక్షరం కూడా పోదు. మరి అదే పెట్టెలో ‘బలవంతంగా మూసేయి’ నొక్కి ఉంటే? గ్నోమ్‌లో ఆ బటన్ మర్యాదగా అడిగి చూడదు, ‘కిల్ -9’ పంపే 9వ సిగ్నల్‌నే నేరుగా పంపుతుంది. చూడ్డానికి ఎంతో సాధువుగా కనిపించే బటన్ చేసేది అన్నిటికంటే కఠినమైన పని. గ్నోమ్ సిస్టమ్ మానిటర్ ఈ విషయంలో కాస్త నయం. అందులో ‘ఎండ్’ అంటే 15వ సిగ్నల్, ‘కిల్’ అంటే 9వది, రెండూ విడివిడిగా ఉంటాయి.

15కీ 9కీ మధ్య ఉన్న దూరం

లినక్స్‌లో ప్రోగ్రామ్‌ని ఆపడమంటే దానికి సిగ్నల్ పంపడమే. ‘కిల్’ కమాండ్ పేరు వింటే భయం వేస్తుంది గానీ, అది చేసేది సిగ్నల్ మోసుకెళ్లడం వరకే. ‘కిల్ -ఎల్’ అని కొడితే 64 దాకా నంబర్లతో జాబితా వస్తుంది. రోజువారీ పనికి అందులో అరడజను చాలు.

నంబరు చెప్పకుండా కిల్ కొడితే వెళ్లేది 15, దాని పేరు టెర్మ్. ఇదొక విన్నపం. ప్రోగ్రామ్ దీన్ని అందుకుని ఫైళ్లు సేవ్ చేసుకోవచ్చు, తాత్కాలిక ఫైళ్లు తుడిచేసుకోవచ్చు, డేటాబేస్ కనెక్షన్ మూసుకోవచ్చు, అసలు పట్టించుకోకుండా ఊరుకోవచ్చు కూడా. ఉదాహరణకు టెర్మినల్‌లో మనం టైపు చేసే బాష్ షెల్ 15ని లెక్కచేయదు, దాన్ని మూయాలంటే 1వ సిగ్నల్ హప్ పంపాలి.

9ని ఆజ్ఞ అనడం కూడా సరికాదు. ఆజ్ఞ అన్నాక వినేవాళ్లు ఒకరుండాలి కదా. 9 వచ్చిన సంగతి ప్రోగ్రామ్ చెవిన పడనే పడదు. కెర్నెల్ దాని మెమొరీ వెనక్కి తీసుకుంటుంది, తెరిచిన ఫైళ్లు మూసేస్తుంది, అంతే. 9వ సిగ్నల్‌నీ, పైన పరీక్షలో వాడిన స్టాప్‌నీ ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు, పట్టుకోలేదు, పక్కన పెట్టలేదు.

మరి 15 పంపినా కొన్ని ప్రోగ్రాములు ఎందుకు కదలవు? చాలా ప్రోగ్రాములు 15 అందగానే ఒక చిన్న గుర్తు పెట్టుకుని, ‘చేతిలో పని అయ్యాక చూద్దాం’ అనే తీరులో రాసి ఉంటాయి. చేతిలో పనే తెగని లూప్ అయితే ఆ గుర్తును చూసే వంతు ఎప్పటికీ రాదు. విచిత్రమేమిటంటే 15 కోసం ప్రత్యేకంగా ఏమీ రాసుకోని ప్రోగ్రామ్ ఎంత ఘోరమైన లూప్‌లో ఉన్నా 15కే పోతుంది, ఎందుకంటే అప్పుడు దాన్ని ముగించేది కెర్నెలే. జాగ్రత్తగా రాసిన ప్రోగ్రామే ఇక్కడ మొండికేస్తుంది. ఇంకో సందర్భం కూడా ఉంది. స్టాప్ అయి ఉన్న ప్రోగ్రామ్‌కి వేరే టెర్మినల్ నుంచి 15 పంపితే ఆ సిగ్నల్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కాంట్ వచ్చి ప్రోగ్రామ్ లేచాకే అది పనిచేస్తుంది. 9కి మాత్రం ఈ ఆటంకం లేదు.

9తో పోయేదేమిటో మూడు ఉదాహరణల్లో చూడొచ్చు. విమ్ ఎడిటర్‌కి 15 పంపితే, రాసినదంతా స్వాప్ ఫైల్లో భద్రం చేసి వెళ్తుంది. 9 పంపితే స్వాప్ ఫైల్లోకి చివరిసారి ఎంత ఎక్కిందో అంతే మిగులుతుంది. మామూలు సెట్టింగ్స్‌లో అది ప్రతి 200 అక్షరాలకోసారి, లేదా టైపింగ్ ఆగిన 4 సెకన్లకు ఎక్కుతుంది కాబట్టి నష్టం చిన్నదే. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ ఏదైనా మారుస్తున్నప్పుడు 9 పడితే దాని లాక్ ఫైలు అలాగే ఉండిపోతుంది. తర్వాత మార్పులు చేసే కమాండ్ ఇస్తే ‘ఇంకెవరో పనిలో ఉన్నారు’ అని మొరాయిస్తుంది, ఆ ఫైలు చేత్తో తీసేయాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో వ్యవహారం ఇంకా గంభీరం. ఒక్క క్వెరీ ఇరుక్కుందని దాని ప్రాసెస్‌కి 9 పంపితే, ఉమ్మడి మెమొరీ పాడై ఉండొచ్చన్న అనుమానంతో సర్వర్ మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీలోకి వెళ్తుంది. ఒకరి క్వెరీ ఆపబోతే అందరి పనీ ఆగుతుంది.

కాబట్టి ముందు 15, కొన్ని సెకన్లు ఆగాక అవసరమైతే 9. లినక్స్ తానుగా పాటించే క్రమం కూడా ఇదే. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఒక సర్వీసును ఆపేటప్పుడు ముందు 15 పంపి, మామూలుగా 90 సెకన్లు చూసి, అప్పటికీ పోకపోతే 9 పంపుతుంది. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినప్పుడు ‘స్టాప్ జాబ్’ అంటూ ఒకటిన్నర నిమిషం విసిగించే లైను దీని చలవే. లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) ఒకటైన ఫెడోరా 38 నుంచి ఈ గడువును 45 సెకన్లకు తగ్గించారు. టెర్మినల్‌లో ఒక పనిని ఇదే క్రమంలో కట్టడి చేయాలంటే ‘టైమ్‌అవుట్’ కమాండ్ ఉంది. ‘టైమ్‌అవుట్ -కె 10 60’ అని పెట్టి ఆ పక్కన కమాండ్ రాస్తే, 60 సెకన్లకు 15 వెళ్తుంది, మరో 10 సెకన్లకూ పోకపోతే 9 వెళ్తుంది.

ఎవరికి పంపాలి?

సిగ్నల్ పంపాలంటే ప్రాసెస్ నంబరు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి కెర్నెల్ ఇచ్చిన నంబరు కావాలి. ‘టాప్’ తెరిస్తే ప్రాసెసర్‌ను ఎవరు తింటున్నారో కనిపిస్తుంది, అక్కడే ‘కె’ నొక్కి నంబరిస్తే 15 వెళ్తుంది. ‘హెచ్‌టాప్’లో ఎఫ్9. పేరుతో వెతకాలంటే ‘పీగ్రెప్’, పేరుతోనే పంపాలంటే ‘పీకిల్’, ‘కిల్ఆల్’.

పేర్లతో వచ్చే చిక్కులు రెండు. పీకిల్ ఇచ్చిన మాటను పేరులో ఎక్కడున్నా పట్టేస్తుంది. ‘పీకిల్ జావా’ అంటే జావాతో పాటు జావాసీ కూడా పోతుంది. ‘-ఎక్స్’ కలిపితే అచ్చంగా ఆ పేరున్నవే పోతాయి. రెండోది, కెర్నెల్ ప్రాసెస్ పేరులో మొదటి 15 అక్షరాలే గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లిష్‌లో రాస్తే గ్నోమ్ సిస్టమ్ మానిటర్ పేరు 20 అక్షరాలు, పూర్తి పేరిస్తే పీకిల్‌కి ఎవరూ దొరకరు. ‘-ఎఫ్’ పెడితే మొత్తం కమాండ్ లైనును చూస్తుంది గానీ, అప్పుడు ఆ మాట ఎక్కడో ఫైలు పేరులో ఉన్న అమాయకపు ప్రాసెస్‌లు కూడా బలవుతాయి. ముందు అదే మాటతో ‘పీగ్రెప్ -ఎ’ కొట్టి, వచ్చిన జాబితా చూసుకున్నాకే పీకిల్ కొట్టడం మంచిది. ‘కిల్ఆల్’ అలవాటుతో సోలారిస్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ సర్వర్ ముందు కూర్చునేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. అక్కడ ఆ పేరుతో ఉన్న కమాండ్ నిజంగానే అందర్నీ ముగిస్తుంది.

బ్రౌజర్ల సంగతి వేరు. ఒక ట్యాబ్ బిగుసుకుపోతే బ్రౌజర్ మొత్తాన్ని ముగించనక్కర్లేదు, ట్యాబులు వేర్వేరు ప్రాసెస్‌లలో నడుస్తాయి. క్రోమ్‌లో షిఫ్ట్+ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో ‘అబౌట్:ప్రాసెసెస్’ పేజీ ఉంది. ఫ్లాట్‌ప్యాక్‌గా (కావాల్సినవన్నీ ఒకే మూటలో వచ్చే తీరులో) వేసుకున్న ప్రోగ్రాములకైతే ‘ఫ్లాట్‌ప్యాక్ కిల్’ అని విడిగా ఒక కమాండ్.

టెర్మినల్‌లోనే నడుస్తున్నదైతే నంబర్ల గొడవే లేదు. కంట్రోల్+సి 2వ సిగ్నల్ పంపుతుంది. దానికి లొంగకపోతే కంట్రోల్+బ్యాక్‌స్లాష్, అది 3వది. జావా ప్రోగ్రామ్ మాత్రం 3 అందితే చావకుండా, ఏ థ్రెడ్ ఎక్కడుందో అచ్చేస్తుంది. ఎక్కడ ఇరుక్కుందో తెలుసుకోవడానికి అదే పనికొస్తుంది. కంట్రోల్+జెడ్ నొక్కి ప్రోగ్రామ్ అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. అది పక్కన ఆగుతుంది తప్ప పోదు, మెమొరీ అలాగే పట్టుకుని కూర్చుంటుంది. అన్నిటికంటే నవ్వొచ్చేది కంట్రోల్+ఎస్. సేవ్ చేసే అలవాటులో వేలు దానిమీద పడితే టెర్మినల్ పూర్తిగా బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. ఏమీ కాలేదు, తెరమీద రాత ఆగింది అంతే. కంట్రోల్+క్యు నొక్కితే మళ్లీ వస్తుంది. దీన్ని తెలుసుకోక మంచి సెషన్లను చేతులారా చంపుకున్నవాళ్లకు లెక్కలేదు.

ఇక ఎక్స్‌కిల్. టెర్మినల్‌లో ఆ పేరు కొడితే మౌస్ గుర్తు మారుతుంది, ఏ విండో మీద క్లిక్ చేస్తే ఆ విండో పోతుంది. పేరులో కిల్ ఉన్నా ఇది సిగ్నల్ పంపదు. ఎక్స్11లో విండోలను చూపించే ఎక్స్ సర్వర్‌కీ ఆ ప్రోగ్రామ్‌కీ మధ్య ఉన్న కనెక్షన్‌ను తెంచుతుంది. మామూలుగా కనెక్షన్ తెగిన సంగతి తెలియగానే ప్రోగ్రామ్ తానే ముగుస్తుంది. కానీ లూప్‌లో చిక్కుకున్నదానికి ఆ సంగతి ఎప్పుడు తెలియాలి? విండో పోయినా ప్రాసెస్ వెనకాల ప్రాసెసర్‌ని తింటూనే ఉండొచ్చు. కాబట్టి ఎక్స్‌కిల్ తర్వాత ఒకసారి టాప్ చూడాలి. పైగా వేలాండ్‌లో ఇది ఎక్స్‌వేలాండ్ ద్వారా నడిచే పాత ప్రోగ్రాముల విండోల మీదే పనిచేస్తుంది, మిగతావి దానికి కనబడవు. మరో డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మాలో ఆ కొరత లేదు, దాని విండో మేనేజర్‌లోనే ‘కిల్ విండో’ సౌకర్యం ఉంది, అది రెండు రకాల విండోల మీదా పనిచేస్తుంది.

9కీ చావనివి

‘కిల్ -9 కొట్టినా పోవడం లేదు’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు సమస్య దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటి. ‘పీఎస్’ జాబితాలో స్థితి గడిలో ఉన్న అక్షరం చూస్తే ఏదో తెలుస్తుంది.

‘జెడ్’ ఉంటే అది జాంబీ. ఇది చావకపోవడం కాదు, ముందే చచ్చింది. మెమొరీ, ఫైళ్లు ఏవీ దాని దగ్గర లేవు. ‘ఇది ఎలా ముగిసింది’ అన్న ఒక్క ముక్క సమాచారం తల్లి ప్రాసెస్ వచ్చి తీసుకెళ్లే దాకా పట్టికలో పేరు ఉంటుంది. తల్లి ప్రాసెస్ సరిగా రాయనిదైతే ఎప్పటికీ తీసుకెళ్లదు. అప్పుడు ఆపాల్సింది తల్లిని. అది పోతే అనాథలను చేరదీసే 1వ నంబరు ప్రాసెస్ వచ్చి ఆ పద్దు కొట్టేస్తుంది. ఒకటో రెండో జాంబీలు కనబడితే కంగారు పడాల్సిన పని లేదు.

‘డి’ ఉంటే నిజమైన చిక్కు. ప్రోగ్రామ్ కెర్నెల్‌ని ఏదో అడిగింది, సాధారణంగా డిస్క్ నుంచి డేటా. జవాబు వచ్చేదాకా కదిలించకూడని స్థితిలో కెర్నెల్ దాన్ని నిద్రపుచ్చింది. సగం రాసిన డేటాతో మధ్యలో లేపితే ఫైల్ సిస్టమే చెడిపోవచ్చు కాబట్టి ఈ ఏర్పాటు. మామూలుగా ఈ నిద్ర మిల్లీసెకన్లలో తేలిపోతుంది. చెడిపోతున్న హార్డ్ డిస్క్, మధ్యలో పీకేసిన యూఎస్‌బీ, నెట్‌వర్క్ అవతల పడిపోయిన ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) సర్వర్ ఉంటే మాత్రం అది ఎంతకీ తెగదు. 9వ సిగ్నల్ చేరుతుంది, కానీ నిద్ర లేచాకే అమలవుతుంది. 2008లో వచ్చిన 2.6.25 కెర్నెల్‌లో ఇలాంటి నిద్రలో కూడా చంపే సిగ్నల్‌కి మాత్రం లేచే కొత్త స్థితిని చేర్చారు, అందుకే ఇప్పుడు ఎన్ఎఫ్ఎస్‌లో ఇరుక్కున్నవి చాలావరకు 9కి పోతాయి. అన్నీ కాదు.

డి స్థితిని పట్టించే గుర్తులు ఇంకో రెండున్నాయి. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా లోడ్ యావరేజ్ (కంప్యూటర్ మీద పని ఒత్తిడిని చూపే అంకె) పెరిగిపోతుంటుంది, ఎందుకంటే లినక్స్ డి స్థితిలో ఉన్నవాటిని కూడా లోడ్‌లో లెక్కిస్తుంది. 120 సెకన్లు దాటితే, చాలా డిస్ట్రోల్లో కెర్నెల్ లాగ్‌లో ఆ ప్రాసెస్ పేరుతో హెచ్చరిక పడుతుంది. ఆ పేరు పట్టుకుని, కెర్నెల్ లాగ్ చూపించే ‘డీమెసేజ్’ చూస్తే పక్కనే డిస్క్ ఎర్రర్లు కనబడొచ్చు. ఇక్కడ సిగ్నళ్లు మార్చి మార్చి పంపడం దండగ. ఆ డిస్క్‌ని, ఆ సర్వర్‌ని బాగుచేయాలి. ఎన్ఎఫ్ఎస్ అయితే ‘యూమౌంట్ -ఎఫ్’ ప్రయత్నించొచ్చు. ఏదీ కుదరకపోతే రీబూటే.

మౌస్ కూడా కదలనప్పుడు

కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయినట్టున్నప్పుడు ముందు నొక్కాల్సింది కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3. బొమ్మలు లేని లాగిన్ తెర వస్తే కెర్నెల్ బతికే ఉందన్నమాట. అక్కడి నుంచి లాగిన్ అయి, పైన చెప్పినవన్నీ చేసుకోవచ్చు. అదే నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్ ఉండి, దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్ఎస్‌హెచ్ ముందే పెట్టుకుని ఉంటే అదీ ఒక దారి.

ఇలాంటి స్థితికి తరచుగా కారణమయ్యేది మెమొరీ. ర్యామ్ నిండాక కెర్నెల్ మెమొరీ ముక్కలను (పేజీలను) డిస్క్‌కీ ర్యామ్‌కీ మధ్య తిప్పుతూనే కాలం గడిపేస్తుంది, ఏ పనీ ముందుకు సాగదు. కెర్నెల్‌లో ఉన్న ఓఓఎమ్ (అవుట్ ఆఫ్ మెమొరీ) కిల్లర్ అప్పుడు పెద్ద ప్రాసెస్‌ని చూసి ముగించాలి. కానీ అది మెమొరీ నిజంగా అడుగంటాకే కదులుతుంది, ఆలోపు తెర ముందున్న మనిషి ఓపిక అడుగంటుతుంది. ఆలస్యం కాకముందే రంగంలోకి దిగే ప్రోగ్రాములు తర్వాత వచ్చాయి. ఫెడోరా 32 ‘ఎర్లీఓఓఎమ్’ని, ఫెడోరా 34, ఉబుంటు 22.04 ‘సిస్టమ్‌డీ-ఓఓఎమ్‌డీ’ని మొదట్నించీ ఆన్ చేసి ఇచ్చాయి. రెండోదానితో చిక్కేమిటంటే అది ఒక్క ప్రాసెస్‌ని కాక దాని గుంపు మొత్తాన్ని ముగిస్తుంది. ఏమీ చేయకుండానే బ్రౌజర్ అన్ని ట్యాబులతో సహా మాయమైందని ఉబుంటు 22.04 కొత్తలో చాలామంది వాపోయింది దీనివల్లే.

కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3కీ స్పందన లేకపోతే మిగిలేది సిస్‌ఆర్‌క్యు, చాలా కీబోర్డుల మీద ప్రింట్ స్క్రీన్‌తో కలిసి ఉండే కీ. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యు పట్టుకుని ఇంకో అక్షరం నొక్కితే ఆ మాట డెస్క్‌టాప్‌ని దాటి నేరుగా కెర్నెల్‌కి వెళ్తుంది. ‘ఎఫ్’ నొక్కితే ఓఓఎమ్ కిల్లర్ వెంటనే పనిలోకి దిగుతుంది. ‘ఇ’ అయితే 1వ నంబరు తప్ప అందరికీ 15, ‘ఐ’ అయితే 9. ‘ఎస్’ డిస్క్‌కి రాయాల్సింది రాయిస్తుంది, ‘యు’ డిస్కులను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మారుస్తుంది, ‘బి’ అక్కడికక్కడే రీబూట్ చేస్తుంది. కీబోర్డును డెస్క్‌టాప్ చేతిలోంచి లాక్కునే ‘ఆర్’ని వీటి ముందు పెట్టి ఆర్, ఇ, ఐ, ఎస్, యు, బి అని నెమ్మదిగా వరసగా నొక్కమని పాత గైడ్లన్నీ చెబుతాయి. పవర్ బటన్ పట్టుకుని ఆర్పేయడం కంటే ఇది వందరెట్లు మేలు.

అయితే ఉబుంటులో ఈ వరసలో సగం పనిచేయవు. అక్కడ కెర్నెల్ సెట్టింగుల్లో సిస్‌ఆర్‌క్యు విలువ 176 పెట్టి ఇస్తారు. 128, 32, 16 కలిస్తే 176. అంటే రీబూట్ (128), రీమౌంట్ (32), సింక్ (16)లకు మాత్రమే అనుమతి. సిగ్నళ్లు పంపే 64 అందులో లేదు కాబట్టి ఇ, ఐ, ఎఫ్ నొక్కినా ఏమీ జరగదు, ఎస్, యు, బి మాత్రం పనిచేస్తాయి. విలువను 1 చేస్తే అన్నీ తెరుచుకుంటాయి. సొంత కంప్యూటర్‌లో, ముఖ్యంగా మెమొరీ తక్కువున్న దానిలో, ‘ఎఫ్’ కోసమైనా అలా చేసుకోవచ్చు. పదిమంది వాడే కంప్యూటర్‌లో మాత్రం వద్దు, కీబోర్డు అందిన ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండానే అందరి ప్రాసెస్‌లనూ ముగించగలుగుతారు.